బొమ్మబాతుల దగ్గరికి ఏ బాతు వచ్చింది, ఏది రాలేదు: సోంపేట బీల నుంచి ఒక కేస్ స్టడీ

డిసెంబర్ రెండో వారం, పొద్దున్న ఆరున్నర, మంచు ఇంకా పూర్తిగా విడలేదు. నేను మాటులో కూర్చున్నాను. ఎదురుగా పదిహేను గజాల దూరంలో నీటి మీద, నిజం బాతుల్ని దగ్గరికి రప్పించడానికి పెట్టిన నా పద్నాలుగు బొమ్మబాతులు. సూదితోక బాతుల గుంపొకటి, ఇరవై దాకా ఉంటాయి, వచ్చి బొమ్మల మీదుగా ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టుకి కాస్త కిందికి వచ్చింది. మూడో చుట్టుకి రెక్కలు కదపకుండా జారుతూ వస్తుంటే ఇక దిగినట్టే అనుకుని కెమెరా కంటికి ఆనించాను. నాలుగో చుట్టులో ఏం చూశాయో, ఒక్కసారిగా పైకి లేచి బీల, అంటే ఈ చిత్తడి నేల, నడిమధ్యకి వెళ్ళిపోయాయి. పది నిమిషాలు కాకుండానే గార్గనీలు అనే చిన్న వలస బాతులు ఎనిమిది సర్రున వచ్చాయి. చుట్టూ తిరగలేదు, చూడలేదు, నేరుగా బొమ్మల మధ్యలోనే దిగిపోయాయి. అవే బొమ్మలు, అదే నీరు, అదే మాటు.

ఆ చలికాలం మొత్తం నేను వెతికింది ఈ తేడాకి కారణమే. కొంత దొరికింది, కొంత దొరకలేదు. దొరికినంత వరకు వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మన దగ్గర బాతుల గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది "బాతులు ఇలా చేస్తాయి" అని ఒకే మాట అనేస్తారు. బాతులన్నీ ఒకలా చేయవు. ఏ బాతు అన్నది ముందు తెలియాలి.

మొదట ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. బొమ్మబాతులు అనగానే వేట గుర్తొస్తుంది. అమెరికాలో, యూరప్‌లో బొమ్మలు నీటి మీద వదిలి బాతుల్ని దింపి కాల్చడం లైసెన్సుతో జరిగే వేట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి బాతుల వేట నేరం. ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టడం, ఉచ్చు పెట్టడం, ఎర వేయడం, ఇవన్నీ వేట కిందికే వస్తాయి. అందుకే నేను ముందుగా అటవీ శాఖ వాళ్ళతో మాట్లాడాను, నీళ్ళలో ఒక్క వడ్లగింజ కూడా చల్లలేదు, ఈలలూ రికార్డు చేసిన కూతలూ వాడలేదు. నా పని ఫొటోలు తీయడం, లెక్క పెట్టడం. ఏటా జనవరిలో జరిగే నీటిపక్షుల లెక్కింపు, ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్‌కి (1987 నుంచి జరుగుతోంది) మా వైపు లెక్కలు ఇస్తుంటాను. బాతులు ఎప్పుడూ బీల మధ్యలో, మంచులో, దూరంగా ఉంటాయి. ఆడ గార్గనీ ఏదో, దానిలాగే ఉండే ఇంకో చిన్న బాతు కామన్ టీల్‌లో ఆడది ఏదో ఆ దూరం నుంచి తేల్చలేక ఏటా నా లెక్కలో "గుర్తు తెలియనివి" అన్న గడి పెద్దదవుతూ వచ్చింది. దగ్గరికి రప్పిస్తే తేలుతుంది కదా అని మొదలుపెట్టిన పని ఇది.

బీల అంటే తెలియని వాళ్ళకి: శ్రీకాకుళం జిల్లాలో సోంపేట, కవిటి వైపు సముద్రానికి కాస్త ఇవతల పరుచుకున్న మంచినీటి చిత్తడి నేల. తుంగ, జమ్ము, కలువ, మధ్యమధ్య మోకాలి లోతు నుంచి నడుం లోతు దాకా నీరు, అంచున వరి. థర్మల్ ప్లాంటుకి ఇవ్వకూడదని 2010లో రైతులూ మత్స్యకారులూ ప్రాణాలకి తెగించి కొట్లాడిన నేల ఇదే. ఆ పోరాటం లేకపోతే నేనివాళ రాయడానికి బాతులూ ఉండేవి కావు, నీళ్ళూ ఉండేవి కావు.

బొమ్మల సంగతి. తెలుగులో దీనికి పాత మాట ఒకటుంది, దీమం. పిట్టని చూపించి పిట్టని, లేడిని చూపించి లేడిని రప్పించే దాన్ని దీమం అనేవాళ్ళు. ఈ ఆలోచన కూడా చాలా పాతదే. అమెరికాలో నెవాడాలోని లవ్‌లాక్ గుహలో 1924లో జమ్ములాంటి గడ్డితో అల్లి, రంగులు పూసి, ఈకలు గుచ్చిన బాతు బొమ్మలు దొరికాయి, వాటి వయసు సుమారు రెండు వేల ఏళ్ళు. నేను జీలుగు బెండుతో చేయించాను. తేలికగా ఉంటుంది, బాగా తేలుతుంది, కత్తితో చెక్కితే మాట వింటుంది. నీరు పీల్చకుండా పైన రెండు పూతలు వార్నిష్ వేశాం. ఆ వార్నిష్ ఎంత పెద్ద తప్పో కిందికి వెళ్ళాక చెప్తాను. పద్నాలుగులో ఆరు గార్గనీ రంగులు, ఐదు సూదితోక, మూడు చుక్కమూతి. ఒక్కోదాని అడుగున నైలాన్ దారం, దారం చివర రాయి. మాటు జమ్ముతో కట్టి లోపల తాటాకు వేశాను. తూర్పు గట్టున పెట్టాను, పొద్దున్న ఎండ నా వీపు వెనక ఉంటే ఫొటోకి వెలుగు బాగుంటుందని. ఇది రెండో తప్పు.

గార్గనీల సంగతి త్వరగా తేలిపోతుంది. వలస బాతుల్లో మన దగ్గరికి ముందుగా వచ్చేవి ఇవే, ఆగస్టు, సెప్టెంబర్ నుంచే కనబడతాయి. చిన్న బాతు, వేగం ఎక్కువ, గుంపుగా మెలికలు తిరుగుతూ కింద కిందనే ఎగురుతుంది, లోతు లేని నీట్లో తల ముంచి తింటుంది. వీటికి నా బొమ్మల రంగుతో పనే లేకపోయింది. ఆ మాట ఎందుకు అంటున్నానంటే, నేను మగ గార్గనీ అని కంటి మీద తెల్లటి పెద్ద గీత దిద్ది మరీ పెట్టాను. కానీ మగ గార్గనీలు ఈకలు మార్చుకున్నాక ఆ డల్ వేషంలోనే చలికాలంలో చాలా రోజులు ఉంటాయి, తెల్ల గీత నిండుగా కనబడేసరికి ఫిబ్రవరి దాకా పట్టొచ్చు. అంటే డిసెంబర్ గుంపులో నా బొమ్మలున్నట్టు ఏ నిజం మగబాతూ లేదు. అయినా దిగాయి. మర్నాడూ దిగాయి. నాకు అర్థమైంది ఇది: గార్గనీకి కావాల్సింది లోతు తక్కువ నీరు, అక్కడ బాతు సైజులో నాలుగైదు ఆకారాలు కుదురుగా ఉండడం. అంతే. ఆ రెండూ ఉంటే పైనుంచి పరీక్షించి చూసుకునే అలవాటు దానికి తక్కువ. దిగాక మాత్రం సంగతి వేరు. దిగిన రెండు మూడు నిమిషాల్లో ఒకటి బొమ్మ పక్కకి ఈదుకుంటూ వచ్చి, మెడ సాచి చూసి, మెల్లగా దూరం జరుగుతుంది. దాని వెనకాల మిగతావీ జరుగుతాయి. భయపడి ఎగరవు, అలా జరిగి ఇరవై గజాల అవతల మేత మొదలుపెడతాయి. ఫొటోలు మాత్రం ఆ రెండు మూడు నిమిషాల్లో కావాల్సినన్ని దొరికాయి. ఆడవాటి ముఖం మీద చారలు, ముక్కు మొదట్లో లేత మచ్చ, కామన్ టీల్‌కి తోక పక్కన ఉండే లేత గీత, ఇవన్నీ నాలుగు పొద్దుల్లో తేలిపోయాయి.

ఇప్పుడు సూదితోకలు. ఈ కేసులో అసలు భాగం ఇదే, నా రోజుల్లో ఎక్కువ వీటికే పోయాయి.

మొదటి రెండు వారాల్లో ఒక్కటంటే ఒక్క సూదితోక బొమ్మల దగ్గర దిగలేదు. రావడం మాత్రం రోజూ వచ్చేవి, తిరిగేవి, పోయేవి. ఒకసారి ఏడు చుట్లు లెక్కపెట్టాను. మాటు పాడైందేమో, నా చొక్కా కనబడుతోందేమో, లెన్స్ మెరుస్తోందేమో అని టెన్షన్ పడి రోజుకొకటి మార్చాను. అలా మార్చడం వల్ల ఏది పనిచేసిందో ఏది చేయలేదో తెలియకుండా పోయింది. ఎవరైనా ఇలాంటి పని చేస్తే ఒకసారికి ఒక్కటే మార్చండి, కనీసం మూడు పొద్దులు చూశాకే రెండోది ముట్టుకోండి.

దోనె మీద చేపలు పట్టే తాత ఒకాయన రోజూ నన్ను చూస్తూ వెళ్ళేవాడు. ఒకరోజు దోనె ఆపి అడిగాడు, "ఏటి బాబూ, రావట్లేదా?"

"వస్తున్నాయి తాతా, దిగట్లేదు."

"బాతు నీ బొమ్మని చూడదు బాబూ, నీరుని చూస్తాది. నీరు కదల్లేదంటే అక్కడ బతికున్నదేదీ లేదని దానికి తెలిసిపోద్ది."

చిన్నప్పుడు వాళ్ళ నాన్న బాతుల్ని ఎలా పట్టేవాడో కూడా చెప్పాడు. ఖాళీ కుండలు నాలుగు రోజులు నీటి మీద వదిలేసేవాళ్ళట, బాతులు వాటికి అలవాటు పడేదాకా. తరవాత అలాంటి కుండనే కళ్ళకి కంతలు పెట్టి తలకి బోర్లించుకుని మెడ లోతు నీట్లో మెల్లగా నడిచి వెళ్ళి కాళ్ళు పట్టుకునేవాళ్ళట. మనదేశంలో చాలా చోట్ల ఈ పద్ధతి ఉండేది. నాకు అందులో పనికొచ్చిన ముక్క అలవాటు. నేను రోజూ పొద్దున్న బొమ్మలు దింపి, పది గంటలకి తీసేస్తున్నాను. బీల మధ్యలో పగలంతా ఉండి ఆ నీటిని మనకన్నా బాగా తెలిసిన బాతులకి, నిన్న సాయంత్రం లేనివి ఇవాళ తెల్లారేసరికి పద్నాలుగు పుట్టుకొచ్చాయి.

తాత మాట మీద రెండు పనులు, ఒకదాని తరవాత ఒకటి చేశాను. బొమ్మల్ని రాత్రీ పగలూ నీట్లోనే వదిలేశాను. వారం తరవాత మూడు బొమ్మలకి అదనంగా ఒక దారం కట్టి దాన్ని మాటులోకి తెచ్చుకున్నాను, బాతులు తిరుగుతున్నప్పుడు అప్పుడప్పుడు చిన్నగా లాగితే నీటి మీద వలయాలు పుడతాయి. దీనితో చుట్లు తగ్గాయి, కింది దాకా రావడం పెరిగింది, ఆఖరి క్షణంలో లేచిపోవడం మాత్రం ఆగలేదు.

అప్పుడు వార్నిష్ మీద అనుమానం వచ్చింది. పక్షుల కన్ను మన కన్నులాంటిది కాదు. మనకి మూడు రంగుల గ్రాహకాలుంటే వాటికి నాలుగు, చాలా పక్షులు అతినీలలోహిత కాంతిని కూడా చూస్తాయి. బాతుకి కళ్ళు తల పక్కల ఉంటాయి కాబట్టి ఇంచుమించు చుట్టూరా కనబడుతుంది. మనకి "కొంచెం మెరుస్తోంది" అనిపించేది దానికి ఎలా కనబడుతుందో ఊహించుకోవాల్సిందే. నిజం బాతు ఈకలు తడిసినా నీరు నిలవదు, అద్దంలా తళతళలాడదు. ఇసుక కాగితంతో అన్నిటి మెరుపూ గీసేసి, పొడి మట్టి రంగు పూశాను. ఇది చాలా పనిచేసింది. అయినా పూర్తిగా కాదు.

మిగిలింది గాలి. దీన్ని పట్టుకోవడానికి నాకు నెల పట్టింది, ఎందుకంటే మాటులో కూర్చున్నవాడికి గాలి తెలియదు. బాతు ఏదైనా గాలికి ఎదురుగా దిగుతుంది. చలికాలం పొద్దున్నే మా దగ్గర గాలి నేల మీదనుంచి సముద్రం వైపు, అంటే పడమటి నుంచి తూర్పుకి మెల్లగా వీస్తుంది. అంటే దిగే బాతు పడమటికి మొహం పెట్టి, తూర్పు నుంచి వస్తుంది. నా మాటు తూర్పు గట్టున. ఫొటో వెలుగు కోసం నేను ఎంచుకున్న చోటు సరిగ్గా వాటి దారి కింద ఉంది! కింద కిందనే మెలికలు తిరుగుతూ వచ్చే గార్గనీకి ఇది ఒక లెక్క కాలేదు. సూదితోక ఎత్తు నుంచి, తీరిగ్గా, మెడ కిందికి వంచి చూసుకుంటూ వస్తుంది, ఆఖరి చుట్టులో మాటు నెత్తి మీదుగా వచ్చి పైనుంచి నన్ను చూసేది. తాటాకు పక్కలకి వేశాను కానీ పైకప్పు వేయలేదు. పది పదకొండు గంటలకి గాలి మారి సముద్రం నుంచి వీయడం మొదలయ్యేసరికి అవే బాతులు పడమటి నుంచి వచ్చేవి, కానీ అప్పటికి నేను సర్దుకుని టీ తాగడానికి వెళ్ళిపోయేవాణ్ణి.

మాటు ఉత్తరం గట్టుకి మార్చి పైన కప్పు వేశాను. వెలుగు పక్కనుంచి వస్తుంది, ఫొటో అంత అందంగా రాదు. మూడో రోజు పదకొండు సూదితోకలు దిగాయి. జనవరి మొదటి వారం అది. బొమ్మల పక్కన కాదు, బొమ్మలకి ముప్పై గజాల అవతల, లోతు నీటి అంచున. పగలు వాటికి మేత ముఖ్యం కాదు, అవి ఎక్కువగా రాత్రిపూట మేస్తాయి. పగలు కావాల్సింది నాలుగు వైపులా కనబడే ఖాళీ నీరు, విశ్రాంతి. నేనేమో బొమ్మల్ని జమ్ము అంచుకి దగ్గరగా, లోతు తక్కువ చోట, మేస్తున్నట్టు పెట్టాను. సూదితోకకి పగటిపూట అది వెళ్ళాల్సిన చోటే కాదు. గార్గనీకి పనిచేసిన ఏర్పాటు సూదితోకకి పనిచేయకపోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం లేదనుకుంటాను. బొమ్మల్ని బాగా లోపలికి, విశాలంగా, మధ్యలో పెద్ద ఖాళీ వదిలి పెట్టాక ఆ ఖాళీలో దిగడం మొదలుపెట్టాయి. ఆ దూరానికి నా లెన్స్ సగమే పనికొచ్చింది, లెక్కకి మాత్రం బాగా సరిపోయింది.

చుక్కమూతి బాతులు ఎక్కడికీ వలసపోనివి, ఇక్కడివే. నల్ల ముక్కు కొసన పసుపు, ముక్కు మొదట్లో ఎర్రటి చుక్కలు. జంటగానో నాలుగైదుగానో తిరుగుతాయి. వీటితో నాకు జరిగింది అన్నిటికన్నా వింత. మొదటి రోజే ఒక జంట వచ్చి దిగింది, గట్టిగా అరుచుకుంటూ బొమ్మల మధ్య ఈదింది. రెండో రోజు వచ్చింది, అరవలేదు. నాలుగో రోజు నుంచి బొమ్మలు వాటికి రాళ్ళతో సమానం. దగ్గరికి ప్రత్యేకంగా రావు, దూరమూ జరగవు, మగది ఒక బొమ్మకి ఆనుకున్నంత దగ్గరగా ఈకలు సర్దుకోవడం చూశాను. ఊళ్ళోనే ఉండే బాతు త్వరగా నేర్చుకుంటుంది. అయితే దీనివల్ల ఒక మేలు జరిగింది, ఆ జంట బొమ్మల మధ్య ఉన్న రోజున మిగతా జాతులు తక్కువ చుట్లతో దిగేవి. గుడ్డికొంగ ఒకటి బొమ్మ వీపు మీదే నిలబడడం మొదలుపెట్టిన రోజుల్లో కూడా అంతే. బయటి దేశాల్లో వేటగాళ్ళు బాతు బొమ్మల పక్కన కొంగ బొమ్మ పెట్టడానికి కారణం ఇదే, కొంగ కుదురుగా నిలబడిందంటే అక్కడ మనిషి లేడని బాతుకి నమ్మకం.

చెంచామూతి బాతులు బొమ్మల్ని పట్టించుకోలేదు. అవి గుంపుగా గుండ్రంగా ఈదుతూ నీటిని సుడిలా తిప్పి పైకొచ్చిన పురుగుల్ని వడకట్టుకుంటాయి, అలా తిరిగే గుంపు కనబడితే చేరతాయి. కదలని బొమ్మ వాటికేమీ చెప్పదు. కాటన్ టీల్ అనే చిన్న బాతుల జంటలు కలువ ఆకుల మధ్యనుంచి బయటికే రాలేదు.

ఈల బాతుల దగ్గర నా పద్ధతే తప్పు. పగలు గుంపుగా తుంగలోనో చెట్ల మీదో పడి ఉండి, పొద్దు వాలాక ఈలలు వేసుకుంటూ వరి పొలాల మీదికి లేచే బాతు అది. పొద్దున్న మాటులో కూర్చుని వాటి కోసం చూడడం వృథా. సాయంత్రాలు కూర్చున్నాను. చీకటి పడే వేళ బొమ్మల మీదుగా వెళ్ళేవి, పైనుంచి ఈల వేసేవి, కింద నుంచి జవాబు రాకపోయేసరికి ఒక చుట్టు తిరిగి వెళ్ళిపోయేవి. ఈ జాతికి ఆకారం కన్నా గొంతే ముఖ్యమని నా నమ్మకం. రికార్డు పెట్టి చూడొచ్చు, కానీ అది రాత్రి మేతకి వెళ్ళే గుంపుని దారి తప్పించడం, అది నేను చేయను.

జనవరి మధ్యలో అనుకోనిది జరిగింది. కోతలయ్యాక పొలాల్లో రాలిన గింజల కోసం, నత్తల కోసం బాతుల మందలు తోలుకొచ్చేవాళ్ళు మా వైపు తిరుగుతుంటారు. ఒక మంద, వందల్లో ఉంటాయి, బీల అంచు నీట్లోకి దిగింది. నా మాటు నుంచి కనబడేంత దూరం. అరగంటలో చుక్కమూతులు రెండు జంటలు దాని పక్కన దిగాయి, గార్గనీలు ముప్పై పైగా దిగాయి, నెలన్నర నన్ను తిప్పలు పెట్టిన సూదితోకలు రెండే చుట్లు తిరిగి దిగాయి. కదలిక, చప్పుడు, నీటి మీద అలలు, తల ముంచి తోక లేపి మేయడం, అన్నీ నిజమైనవి. అమెరికాలో బతికున్న బాతుల్ని దీమంగా వాడడాన్ని 1935లో ఎందుకు నిషేధించారో ఆ అరగంటలో కళ్ళారా చూశాను.

నాకు సంతోషం వేయాల్సింది, భయం వేసింది. మందబాతులూ వలసబాతులూ ఒకే నీట్లో కలిస్తే బర్డ్ ఫ్లూ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పాకడానికి దారి ఏర్పడుతుంది. మంద కాసే అన్న దగ్గరికి వెళ్ళి చెప్పాను. "అన్నా, ఇక్కడ అడవి బాతులున్నాయి, ఏదైనా రోగం తగిలితే నీ మందే ముందు పోద్ది" అంటే ఆయన వెంటనే అర్థం చేసుకున్నాడు, సాయంత్రానికి మందని వరి మళ్ళ వైపు తోలేశాడు. ఆయనకి నష్టం లేకుండా పోయింది, నాకు మళ్ళీ అలాంటి పొద్దు దొరకలేదు.

ఇంత చూశాక కూడా అర్థం కానివి ఉన్నాయి. గాలి, బొమ్మలు, మాటు, ఏదీ మారని వరస రెండు పొద్దుల్లో మొదటి రోజు సూదితోకలు రెండు చుట్లకే దిగి, రెండో రోజు అసలు కిందికే రాలేదు. కొన్నిసార్లు కారణం తరవాత దొరికేది, బీల మీద తక్కువ ఎత్తులో తిరిగే మార్ష్ హారియర్ గద్ద తెల్లవారుజామున గుంపుల్ని లేపేసి ఉండేది, ఆ తరవాత గంటసేపు ఏ బాతూ కుదురుగా ఉండదు. పౌర్ణమి దాటిన రోజుల్లో పొద్దున్న తిరుగుళ్ళు తక్కువగా అనిపించాయి, వెన్నెల్లో రాత్రంతా మేసి వచ్చాయేమో. ఒక్క చలికాలం చూసి ఇది ఖాయంగా చెప్పను. మిగతా రోజులకి నా దగ్గర జవాబు లేదు.

సెన్సస్‌కి వారం ముందు బొమ్మలన్నీ తీసేశాను. ఇది గట్టిగా చెప్తున్నాను: లెక్క పెట్టే రోజున నీటి మీద బొమ్మలు ఉండకూడదు. ఏ జాతి ఎంత వస్తుందో బొమ్మలే మార్చేస్తాయి, గార్గనీలు ఎక్కువ పడతాయి, చెంచామూతులు కనబడకుండా పోతాయి, అలాంటి లెక్క రాయడం కన్నా రాయకపోవడం మేలు. దగ్గర నుంచి చూసి ముఖాలు, రెక్కలు, ఎగిరే తీరు కంటికి అలవాటు చేసుకోవడానికి బొమ్మలు పనికొచ్చాయి. ఆ అలవాటుతోనే, మామూలు గట్టు మీద నుంచి, టెలిస్కోప్‌తో లెక్కపెట్టాను. "గుర్తు తెలియనివి" గడిలో ఈసారి రాసింది ఎప్పటికన్నా బాగా తక్కువ.

బొమ్మలు తీసిన మర్నాడు పొద్దున్న చుక్కమూతి జంట వచ్చింది. బొమ్మలుండే చోటికే వచ్చి దిగి, మెడలెత్తి అటూ ఇటూ చూస్తూ కాసేపు అక్కడే తిరిగింది. ఆడది రెండుసార్లు అరిచింది. తరవాత రెండూ జమ్ములోకి ఈదుకుంటూ వెళ్ళిపోయాయి.